నూకరత్నం అలుపు

మనిషి అలుపుకి అంకె వేయవచ్చని డాక్టర్ భానోజీ కనిపెట్టినప్పుడు అందరూ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ అంకెని చెరిపి ఇంకో అంకె రాయవచ్చని కనిపెట్టినప్పుడు మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఒక్క సత్యవేణికే. ఎందుకంటే ఆయన దగ్గర ప్రోగ్రాములు రాసేది ఆమె, కంప్యూటర్లో ఆ అంకె రాసే బాక్సు తయారు చేయాల్సింది ఆమె.

కాకినాడ దాటి ఉప్పాడ వైపు వెళ్ళే బీచ్ రోడ్డు పక్కన ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఉండేది. కింద పెద్ద హాలు. అందులో ఐసు ముక్కల్లో చేతులు ముంచి రొయ్యలు వలిచే ఆడవాళ్ళు వందల మంది. మేడ మీద ఏసీ గది, ఆ గదికి హాల్లోకి చూసే పెద్ద అద్దం. భానోజీ ప్రయోగాలన్నీ ఆ గదిలోనే. ఫ్యాక్టరీలో ఆయనకి సగం వాటా ఉంది గనుక ప్రయోగానికి మనుషుల్ని వెతుక్కునే బాధ లేదు. వలిచే ప్రతి మనిషికీ మెడ వెనక ఒక పట్టీ కట్టించాడు. వెన్ను నరాలు మెదడుకి పంపే కబురు ఆ పట్టీ వింటుంది. ఒళ్ళు ఎంత అలిసిందో మేడ మీద కంప్యూటర్లో పేరు పక్కన అంకెగా పడుతుంది. సున్నా అంటే అప్పుడే నిద్ర లేచిన పసిపిల్ల. వంద అంటే ఊపిరి తీయడానికి కూడా ఓపిక లేని మనిషి.

మొదట్లో ఆ అంకెలు చూడ్డానికే. ఎవరి అంకె పెరిగితే వాళ్ళని కాసేపు కూర్చోబెడదాం అన్నాడు భానోజీ. సత్యవేణి నమ్మింది. ఆ వలిచేవాళ్ళలో ఆమె అక్క నూకరత్నం కూడా ఉంది. అమ్మానాన్నా పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. బావ బోటెక్కి వేటకి వెళ్తే వారాల తరబడి రాడు. తన చదువు ఇన్నాళ్ళకి అక్క నడుముకి పనికొస్తుందని సత్యవేణి తెగ మురిసిపోయింది.

"పట్టీ ఇప్పటిదాకా వింటోంది, ఇకమీదట మాట్లాడుతుంది కూడా" అన్నాడు భానోజీ ఒక ఉదయం కుర్చీ దగ్గరికి లాక్కుని. "టూ-వే చెయ్యి వేణీ. అంకె మీద రెండుసార్లు నొక్కితే రాసుకునే బాక్సు తెరుచుకోవాలి. మనం రాసింది కిందకి పోవాలి."

"కిందకి అంటే ఎవరికి సార్?"

"ఎవరి పేరు పక్కన రాస్తే వాళ్ళకి."

ఎందుకు అని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఆ బాక్సు ఎలా ఉండాలి, అంచు ఏ రంగులో ఉండాలి, తప్పు అంకె రాస్తే ఏం చేయాలి అన్న ఆలోచన అప్పటికే మొదలైపోయింది. పని బాగా వచ్చినవాళ్ళకి ఉండే జబ్బే అది. చేయగలమా లేదా అన్న దగ్గర బుర్ర పాదరసంలా పరుగెడుతుంది, చేయాలా వద్దా అన్న దగ్గర మొద్దుబారిపోతుంది.

రెడీమేడుగా దొరికే బాక్సులు పనికిరాలేదు. తనే సొంతంగా కట్టుకుంది. మొదటి బాక్సు ఒక్కో మీట నొక్కగానే ఆ అంకెని పంపేసేది. చివరి బల్ల దగ్గర ఒకామెకి నలభై రాయబోతే ముందు నాలుగు వెళ్ళింది, వెనకే నలభై వెళ్ళింది. ఒళ్ళు ఒక్కసారిగా తేలికైపోయి, అంతలోనే బరువెక్కి, ఆమె తూలి ఐసు తొట్టిలో పడింది. సత్యవేణి హడలిపోయింది. ఆ సాయంత్రమే మార్చేసింది. రాయడం అయిపోయి ఆ బాక్సు వదిలి బయటికి వచ్చాకే అంకె కిందకి వెళ్ళేలా చేసింది. తొంభై అయిదు దాటి ఎవరైనా రాస్తే బాక్సు అంచు ఎర్రబడి, తీసుకోనని మొరాయించేలా అడ్డు కూడా పెట్టింది. ఆ రెండూ చేశాక తన మీద తనకి ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం.

తరవాత భానోజీ ఇంకో గొడవ తెచ్చాడు. ఎగుమతి వ్యాపారులు చూస్తుండగా లిస్టు కిందికి జరపబోతే కంప్యూటర్ బిగుసుకుపోయింది, పరువు పోయింది అని ఎగిరాడు. వందల పేర్లకి వందల బాక్సులు కడితే బిగుసుకోక ఏం చేస్తుంది? సత్యవేణి దానికీ మందు కనిపెట్టింది. స్క్రీను మీద కనపడేన్ని బాక్సులే ఉంచింది. లిస్టు జరిపితే పైన కనుమరుగైన బాక్సే కింద కొత్త పేరు పక్కకి వచ్చి కూర్చుంటుంది. పెళ్ళి బంతుల్లో బల్లలు అవే, తినేవాళ్ళే మారతారు, అదే పద్ధతి. కాకపోతే ఒక బంతి లేచాక బల్ల తుడవాలి. సగం రాసిన అంకె ఏదైనా ఉంటే బాక్సు పేరు మారేటప్పుడు దాన్ని చెరిపేయాలి. అది చేయాలని ఆమెకి తెలుసు. రాస్తూ రాస్తూ మధ్యలో లిస్టు జరిపేవాళ్ళెవరుంటారులే అని వదిలేసింది.

మొదట రాసింది నూకరత్నం మీదే. భానోజీ అద్దంలోంచి చూపించాడు. హాల్లో నూకరత్నం నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి వాలి నిలబడి ఉంది. అరవై ఎనిమిది. ఆయన ఇరవై రాసి బాక్సు పక్కన నొక్కాడు. నూకరత్నం నిటారుగా అయింది. నడుం మీది చెయ్యి తీసి ఐసులో పెట్టింది. చేతులు మిషనులా ఆడటం మొదలుపెట్టాయి. సత్యవేణికి గర్వంతో ఒళ్ళు పులకరించింది. ఆ మాట దాచి లాభం లేదు, గర్వపడింది.

నెల తిరక్కుండా ఆడవాళ్ళకి మధ్యాహ్నం టీ విరామం ఎత్తేశారు. అలుపు లేనివాళ్ళకి విరామమెందుకు?

ఒక సాయంత్రం సత్యవేణి ఇంటికొచ్చేసరికి నూకరత్నం పెరట్లో అంట్లు తోముతోంది. తోమినవే మళ్ళీ తోముతోంది. వాకిలి కడిగి ఉంది, గచ్చు కడిగి ఉంది, ఉతికిన బట్టలు తాడు మీద ఉన్నాయి. ఐసుకి పగిలిన వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారి పళ్ళెం మీద పడుతుంటే కూడా ఆమెకి పట్టలేదు.

"అక్కా, చేతులు చూడు! ఆపు."

నూకరత్నం చేతులు చూసుకుంది. ఎవరివో పరాయివాళ్ళ చేతుల్ని చూసినట్టు చూసింది. తరవాత చెల్లెలి మొహంలోకి చూసింది.

"మేడ మీద కూకుని నా ఒళ్ళు దిద్దుతున్నావంట?"

"ఎవరు చెప్పారు?"

"సూపర్‌వైజరు నవ్వుతా చెప్పాడు. మీ చెల్లెలే చేసిందంట కదా అని. నిజమేనా?"

"నీకు మంచిదేగా అక్కా. నొప్పి తెలీకుండా..."

"నొప్పి తెలీకపోతే నొప్పి లేనట్టా?" నూకరత్నం అంతెత్తున లేచింది. "ఆకలేత్తందో లేదో తెల్దు. నిద్రొత్తందో లేదో తెల్దు. నా ఒళ్ళు నాకు కబురు చెప్పడం మానేసిందే! అలుపొత్తే కూకునేదాన్ని. కూకుని పక్కదాంతో నాలుగు మాటలు మాటాడేదాన్ని. రోజంతా కలిపి నాదనేది ఆ కాసేపే. దాన్ని తీసుకెళ్ళి ఆడి చేతిలో పెట్టావు."

"నేను ఆయన్ని అడుగుతాను."

"అడుగుతావు. ఆడు వద్దంటే తల వంచుకుని మళ్ళీ కూకుంటావు. నీ సంగతి నాకు తెల్దా?"

అక్క అన్న మాట నిజమే అయింది. మర్నాడు సత్యవేణి భానోజీ ముందు నిలబడి, రాసే బాక్సు తీసేద్దాం, చూసే అంకె చాలు అంది. ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు.

"నువ్వు తీసేస్తే ఇంకొకరు పెడతారు. నీకంటే బాగా పెడతారేమో కూడా" అన్నాడు. తరవాత మెడ వంచి తన పట్టీ చూపించాడు. "లిస్టులో మొదటి పేరు నాదే. నా మీద నేనే రాసుకుంటున్నాను. హాని ఉంటే కట్టుకుంటానా?"

"మీ అంకె మీ చేతిలో ఉంది సార్. వాళ్ళది వాళ్ళ చేతిలో లేదు."

"బాగా మాట్లాడావు. డైలాగు అయిపోయింది కదా, వెళ్ళి పని చూసుకో."

తల కొట్టేసినట్టయింది. అయినా వెళ్ళి పని చూసుకుంది.

నూకరత్నం మాత్రం ఊరుకునే రకం కాదు. అన్నాల వేళ బోర్లించిన ప్లాస్టిక్ ట్రే ఎక్కి నిలబడింది. హాల్లో ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని చుట్టూ చేరారు. హాల్లో పెట్టిన మైకులోంచి పైనున్న గదిలోకి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"పట్టీలు ఇప్పి గేటు కాడ పోసేద్దాం. మన అలుపు మనకిచ్చే దాకా ఒక్క రొయ్య ముట్టుకునేది లేదు. ఏం, ఇంతమందిని బయటికి గెంటేత్తాడా? గెంటితే రేపొద్దున ఈ సరుకంతా ఆడు వలుత్తాడా..."

భానోజీ సత్యవేణి పక్కకి వచ్చి, కీబోర్డు తన వైపుకి లాక్కున్నాడు. నూకరత్నం పేరు పక్కన తొంభై రాశాడు. సత్యవేణి ఆయన చెయ్యి పట్టుకునే లోపు పక్కన నొక్కేశాడు.

కింద మాట సగంలో తెగిపోయింది. నూకరత్నం మోకాళ్ళు మడతపడి ట్రే మీద కూలబడి, అక్కణ్ణించి తడి నేల మీదికి, రొయ్య తలకాయల మధ్యకి జారిపోయింది. పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. భానోజీ అందరూ బాగా చూసేదాకా ఆగాడు. ఆ తరవాత ముప్పై రాశాడు.

"నీ బాక్సు బాగా పనిచేస్తోంది వేణీ" అన్నాడు.

సత్యవేణికి ఆయన్ని చంపాలనిపించింది. మనుషులు నోటికొచ్చినట్టు అనుకునే మాటలా కాదు. ఇల్లు ఊడ్చాలి, బియ్యం కడగాలి అనుకున్నట్టు, చేయాల్సిన పనిగా అనిపించింది.

ఆ సాయంత్రం నూకరత్నం అన్నం ముట్టలేదు. చెల్లెలి వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. రేపు పనిలోకి వెళ్ళొద్దక్కా అని సత్యవేణి చెప్పవచ్చు. చెప్పలేదు. తను అనుకున్నది జరగాలంటే రేపు అన్ని రోజుల్లాంటి రోజుగానే ఉండాలి.

మర్నాడు ఉదయం వెళ్ళగానే తొంభై అయిదు దగ్గర పెట్టిన అడ్డుని తీసేసింది. ఎంతో ఆలోచించి పెట్టిన అడ్డు, తీయడానికి ఒక్క వాక్యం చెరిపితే సరిపోయింది. భానోజీ ఎగుమతి వ్యాపారుల్ని వెంటబెట్టుకుని హాల్లో తిరుగుతున్నాడు. అద్దంలోంచి ఆయన బట్టతల, దాని కింద పట్టీ స్పష్టంగా కనపడుతున్నాయి. సత్యవేణి లిస్టులో మొదటి పేరు పక్కన రెండుసార్లు నొక్కింది. బాక్సు తెరుచుకుంది. తొంభై తొమ్మిది రాసింది.

ఇక బాక్సు వదిలి బయటికి వస్తే చాలు. ఆమె మనసులో జాలి లేదు, ఉందని చెబితే అబద్ధమే. అయితే అప్పుడే కింద నూకరత్నం తన బల్ల దగ్గర్నుంచి లేచింది. చేతిలో రొయ్యలు వలిచే కత్తితోనే, పనిలో చీర మీద తొడుక్కునే తడి గౌను ఈడ్చుకుంటూ తిన్నగా భానోజీ ముందుకి వెళ్ళి నిలబడింది. వేలు చూపించి ఏదో అడుగుతోంది, హాలు హోరులో మాట తెలియడం లేదు.

సత్యవేణి ముందుకి వంగి అద్దంలోంచి చూసింది. పొద్దున్నే అక్క మీద మళ్ళీ ఏమైనా రాసి వెళ్ళాడా? ఆయన పని పట్టే ముందు అక్క అంకె ఒక్కసారి చూడాలనుకుంది. అక్క పేరు స్క్రీను చివరి అంచుకి కిందే ఉంటుంది. మౌసు చక్రం ఒక్క గీత తిప్పింది.

భానోజీ పేరు పైకి వెళ్ళిపోయింది. ఆ పేరు పక్కనున్న బాక్సు కిందికి వచ్చి కొత్త పేరు పక్కన కూర్చుంది. సగం రాసిన అంకెని చెరుపుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు. పాత పేరుని వదిలింది గనుక, రాయడం అయిపోయిందనుకుని అంకెని పంపేసింది. నూకరత్నం, తొంభై తొమ్మిది.

సత్యవేణి కళ్ళకి అంకె కనపడటమూ, అద్దం అవతల అక్క వేలు గాలిలో ఆగిపోవడమూ ఒక్కసారే జరిగాయి. నూకరత్నం ఈసారి జారలేదు. నిలువునా పడిపోయింది. సత్యవేణి గబగబా ఇరవై రాసింది. బాక్సు ఎర్రబడి వెనక్కి కొట్టింది. పది రాసింది. మళ్ళీ ఎర్రబడింది. నూకరత్నం ఒంటి నుంచి కబురు ఆగిపోయి, పేరు పక్కన ఇప్పుడు ఏ అంకే లేదు. అవతల పలికేవాళ్ళు లేకపోతే ఎవరి మీద రాస్తుంది?

మెట్లు ఎలా దిగిందో ఆమెకి గుర్తులేదు. దిగేసరికి ఆడవాళ్ళు నూకరత్నం మెడ పట్టీని రొయ్యల కత్తితో కోసి పారేశారు. సముద్రంలో మునిగి తేలినవాళ్ళకి ఊపిరి ఎలా పోయాలో వాళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు. ఒకామె గుండెల మీద గుద్దుతోంది, ఇంకొకామె నోట్లో నోరు పెట్టి ఊదుతోంది. చాలాసేపటికి నూకరత్నం ఛాతీ ఒక్కసారి లేచి పడింది. భానోజీ పక్కనే చెక్కుచెదరకుండా నిలబడి, తన మెడ పట్టీ సర్దుకుంటున్నాడు.

నూకరత్నం బతికింది. కానీ అలుపు దిగలేదు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి అన్నారు. చెంచా ఎత్తితే ఆయాసం. పక్కకి ఒత్తిగిలితే ఆయాసం. ఒంటికి ఎక్కిన అంకె దానంతట అది దిగిరావడం లేదు.

వార్డు బయట వరండాలో భానోజీ సత్యవేణి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ తొంభై తొమ్మిది మొదట ఎవరి పేరు పక్కన రాశావో కంప్యూటర్లో చూశాను" అన్నాడు మామూలుగా.

"అయితే పోలీసులకి చెప్పండి."

"పోలీసులెందుకు? నీలాంటి పనిమంతురాలు నాకు మళ్ళీ దొరకదు." జేబులోంచి కొత్త పట్టీ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "మీ అక్క మెడకి కట్టు. ఫ్యాక్టరీ మేడ మీదికి వచ్చి ముప్పై రాయి. సాయంత్రానికి లేచి నడుస్తుంది. నడిచిన మనిషి గొడవ చెయ్యదు, నువ్వు మళ్ళీ బాక్సు తీసేద్దామనవు. మనం మనం కొట్టుకుని ఏం లాభం?"

సత్యవేణి ఆ పట్టీ విసిరి ఆయన మొహాన కొట్టాలనుకుంది. కొట్టలేదు. అక్క లేచి నడుస్తుందన్న మాట ఆమె కాళ్ళని కట్టిపడేసింది. పట్టీ గుప్పిట్లో పెట్టుకుని వార్డులోకి వెళ్ళి, మంచం పక్కన నేల మీద కూర్చుని, జరిగిందంతా చెప్పేసింది. అడ్డు తీసేసింది మొదలు మౌసు తిప్పడం దాకా ఏదీ దాచలేదు.

నూకరత్నం కళ్ళు మూసుకునే వింది.

"ఆణ్ణి... చంపుదామని రాశావా?"

"ఆడి మీదే రాశానక్కా. నీ మీద కాదు. ఒట్టు."

"ఎవరి మీదైతే ఏంటే." ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటోంది. "నీ చేతికొచ్చాక... నువ్వూ రాశావు."

సత్యవేణి గుప్పిట విప్పింది. "పట్టీ కట్టనీ అక్కా. ఒక్కసారి. ముప్పై రాసి, ఆ బాక్సు నా చేత్తోనే తీసేస్తాను."

"ఒక్కసారని... ఆడూ అనుకునే ఉంటాడు."

"ఇలాగే పడి ఉంటావా మరి?"

"ఉంటాను. నువ్విచ్చిన అలుపే. అయినా... ఇప్పుడు నాది. ఇంకెవరూ... దీన్ని దిద్దొద్దు."

అదే మాట ఇంకో నాలుగుసార్లు బతిమాలినా మారలేదు. సత్యవేణి బయటికి వచ్చి, అక్కని చూడ్డానికి వచ్చి వరండాలో కూర్చున్న ఆడవాళ్ళందరి ముందూ మొత్తం కథ మళ్ళీ చెప్పింది, ఆ అంకె ఎవరి కోసం రాసిందో కూడా చెప్పింది. భానోజీ మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. ఒకామె సత్యవేణి కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మింది. మర్నాటి నుంచి హాల్లో ఒక్క మెడకీ పట్టీ లేదు. నెల తిరక్కుండా భానోజీ మేడ మీది సామానంతా లారీకెక్కించుకుని ఇంకో ఊరి రేవుకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయనకి ఇంకో పనిమంతుడు దొరికాడని విన్నారు. బాక్సు ఇప్పుడు ఇంకా బాగా పనిచేస్తోందట.

నూకరత్నాన్ని ఇంటికి తీసుకొచ్చారు. సత్యవేణి వండుతుంది, ఉతుకుతుంది, ఊడుస్తుంది. నూకరత్నం అభ్యంతరం చెప్పదు, ఒక్క మంచి మాటా చెప్పదు. తన ఒంటికి సంబంధించిన పని మాత్రం ఎంతసేపు పట్టినా తనే చేసుకుంటుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఆమెకి పొద్దున్నంతా పడుతుంది.

ఒక మధ్యాహ్నం మంచం మీద లేచి కూర్చుని నీళ్ళ గ్లాసు అందుకుంది. ఎత్తింది. సగం దాకా వచ్చాక చెయ్యి ఒణికి, నీళ్ళు చీర మీద ఒలికాయి. గ్లాసుని ఒళ్ళోకి దించుకుని, కళ్ళు మూసుకుని, ఎగశ్వాస తీస్తూ ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ సత్యవేణి ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి గ్లాసు కోసం చెయ్యి చాపింది.

"ముట్టుకోకు" అంది నూకరత్నం.

సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్క రెండోసారి గ్లాసు ఎత్తేదాకా అక్కడే నిలబడి చూస్తూ ఉంది.